బయట నిల్వ ఉన్న పెద్ద ఫైళ్లకు లింకులిస్తూ పరిశోధన డేటాను ప్యాకేజీ చేయడం: ఏ ఫార్మాట్, చెక్‌సమ్‌లు ఎలా?

సూక్ష్మదర్శిని:

కాన్ఫోకల్ మైక్రోస్కోప్ చిత్రాల డేటాసెట్ ఒకటి రిపాజిటరీలో జమ చేయాలి. అందులో రెండు భాగాలున్నాయి.

మొదటిది విశ్లేషణ స్క్రిప్టులు, సీఎస్‌వీ పట్టికలు, ఫలితాల బొమ్మలు. అన్నీ కలిపినా 300 ఎంబీ దాటవు. రెండోది ముడి చిత్రాలు: 480 ఓఎంఈ-టిఫ్ ఫైళ్లు, ఒక్కోటి 2 నుంచి 3 జీబీ, మొత్తం దాదాపు 1.2 టీబీ. వీటిలో చాలావరకు ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో (ఒక రకం క్లౌడ్ నిల్వలో) ఉన్నాయి. మిగిలినవి వేరే బృందం ఇప్పటికే డీఓఐతో (శాశ్వత గుర్తింపు సంఖ్యతో) ప్రచురించినవి, వాటిని మళ్లీ కాపీ చేసి పెట్టడంలో అర్థం లేదు.

రిపాజిటరీ ఒక రికార్డుకు 50 జీబీకి మించి తీసుకోదు. అందుకని చిన్న ఫైళ్లు ప్యాకేజీలోనే ఉంచి, పెద్దవాటికి లింకులు ఇద్దామనుకుంటున్నాను. రీడ్‌మీలో లింకులు వరసగా రాసి వదిలేస్తే సరిపోదని తెలుసు. అడగాలనుకున్నవి ఇవి:

1. దీనికి ఏ ఫార్మాట్ బాగుంటుంది?
2. దించుకున్నవాళ్లు తమకు వచ్చింది అసలు ఫైలేనని ఎలా తేల్చుకుంటారు?
3. రేపు స్టోరేజ్ మారి యూఆర్ఎల్ మారితే మొత్తం ప్యాకేజీ మళ్లీ చేయాలా?
4. ముడి చిత్రాలు నా డిస్కులో లేవు. చెక్‌సమ్ (ఫైలులోని బైట్ల నుంచి లెక్కకట్టే గుర్తు) కోసం 1.2 టీబీ దించాల్సిందేనా?

---

భోషాణం:

మీ మూడో ప్రశ్న తేలితే మిగతావి వాటంతటవే తేలతాయి, కాబట్టి అక్కడ మొదలెడతాను.

"ఏ ఫైలు" అన్నది వేరు, "ఎక్కడుంది" అన్నది వేరు. ఏ ఫైలో చెక్‌సమ్ చెబుతుంది, అది మారదు. ఎక్కడుందో యూఆర్ఎల్ చెబుతుంది, అది ఎప్పుడైనా మారొచ్చు. ఈ రెండూ విడివిడి ఫైళ్లలో ఉండే ఫార్మాట్ ఎంచుకోండి. బ్యాగిట్ అలాంటిదే. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, కాలిఫోర్నియా డిజిటల్ లైబ్రరీల దగ్గర పుట్టి, 2018 అక్టోబరులో ఆర్ఎఫ్‌సీ 8493 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెర్షన్ 1.0 వచ్చింది. పాతదే, ఆకర్షణేమీ లేదు, అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే. ఆర్కైవ్‌కి కావలసింది అదే.

బ్యాగ్ అంటే ఒక ఫోల్డరు. లోపల ఇవి ఉంటాయి:

- "బ్యాగిట్.టెక్స్ట్": రెండే లైన్లు. ఒకటి వెర్షన్, రెండోది ఎన్‌కోడింగ్ (యూటీఎఫ్-8 అనే పెట్టండి).
- "డేటా" ఫోల్డరు: అసలు సరుకంతా దీని కిందే.
- "మేనిఫెస్ట్-షా256.టెక్స్ట్": లైనుకొక ఫైలు. ముందు 64 అక్షరాల హ్యాష్ (అంటే షా-256 పద్ధతిలో కట్టిన చెక్‌సమ్), తర్వాత ఫైలు దారి.
- "ఫెచ్.టెక్స్ట్": ఇక్కడ లేని, బయటి నుంచి తెచ్చుకోవలసిన ఫైళ్ల జాబితా.
- "బ్యాగ్-ఇన్ఫో.టెక్స్ట్": ఎవరు, ఎప్పుడు, ఎంత వంటి వివరాలు.
- "ట్యాగ్‌మేనిఫెస్ట్-షా256.టెక్స్ట్": పై టెక్స్ట్ ఫైళ్లకు చెక్‌సమ్‌లు.

ఫెచ్ జాబితాలో ఒక్కో లైనులో మూడు అంశాలు, మధ్యలో ఖాళీ: యూఆర్ఎల్, బైట్లలో పరిమాణం, "డేటా/"తో మొదలయ్యే ఫైలు దారి. పరిమాణం తెలియనప్పుడు అడ్డగీత పెట్టొచ్చని ప్రమాణం ఒప్పుకుంటుంది, కానీ మీరు పెట్టకండి. సర్వరు ఫైలుకు బదులు 40 కేబీ ఎర్రర్ పేజీ పంపినప్పుడు, హ్యాష్ కట్టకముందే పట్టుకునేది ఆ అంకే.

ముఖ్యమైన నియమం ఒకటుంది. ఫెచ్‌లో ఉన్న ప్రతి ఫైలూ మేనిఫెస్ట్‌లో కూడా ఉండి తీరాలి. ఫైలు మీ బ్యాగ్‌లో లేకపోయినా దాని హ్యాష్ మాత్రం ఉంటుంది. స్టోరేజ్ మారిందనుకోండి, ఫెచ్ జాబితాలో యూఆర్ఎల్‌లు మార్చి, ట్యాగ్‌మేనిఫెస్ట్‌లో ఆ జాబితా హ్యాష్ సరిచేస్తే పని అయిపోయింది. మేనిఫెస్ట్ ముట్టుకోనక్కర్లేదు. ఐదేళ్ల కిందట దించుకున్నవాళ్ల ఫైళ్లు కూడా కొత్త బ్యాగ్ మేనిఫెస్ట్‌తో సరిపోతాయి.

తయారీకి బీడీబ్యాగ్ అనే పైథాన్ టూల్ వాడండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల బ్యాగిట్-పైథాన్ మంచిదే, కానీ అది ఫెచ్ జాబితాను చదువుతుందే తప్ప ఫైళ్లు తెచ్చిపెట్టదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి: దానితో మేనిఫెస్ట్‌లు మళ్లీ కట్టిస్తే డిస్కు మీద ఉన్న ఫైళ్లకే కడుతుంది. బయటి ఫైళ్ల హ్యాష్‌లు మేనిఫెస్ట్ నుంచి మాయమవుతాయి, ఫెచ్ జాబితా మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు బ్యాగ్ చెల్లదు.

వరస ఇలా:

1. చిన్న ఫైళ్లను ఒక ఫోల్డరులో, చివరికి ఎలా కనిపించాలో ఆ అమరికలోనే పెట్టండి.
2. బయటి ఫైళ్లకు జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్)లో ఒక జాబితా రాయండి. ఒక్కో ఫైలుకు యూఆర్ఎల్, బైట్ల పరిమాణం, ఫైలు పేరు, హ్యాష్. పేరు "డేటా" ఫోల్డరు లోపలి నుంచి లెక్క. 480 ఫైళ్లకు చేత్తో రాయకండి, స్టోరేజ్ లిస్టింగ్ నుంచి చిన్న స్క్రిప్టుతో పుట్టించండి.
3. బీడీబ్యాగ్‌కు ఫోల్డరునూ, ఈ జాబితానూ రిమోట్ ఫైల్ మేనిఫెస్ట్‌గా ఇస్తే బ్యాగ్ కడుతుంది.
4. నిర్మాణ తనిఖీ మోడ్‌లో ఒకసారి నడపండి. ఫైళ్లు తేకుండానే అమరికను చూస్తుంది.
5. జిప్ లేదా టీజీజెడ్‌గా మూట కట్టండి.
6. వేరే కంప్యూటర్‌లో, ఖాళీ ఫోల్డరులో మూట విప్పి, లేని ఫైళ్లను తెప్పించి, పూర్తి తనిఖీ నడపండి. కనీసం ఒక్కో సర్వరు నుంచి ఒక్కో ఫైలైనా ఇలా రావాలి.

ఫైళ్లు తేకముందు పూర్తి తనిఖీ, త్వరిత తనిఖీ రెండూ విఫలమవుతాయి. అది తప్పు కాదు. త్వరిత తనిఖీ బ్యాగ్-ఇన్ఫోలోని పేలోడ్-ఆక్సమ్‌ను చూస్తుంది. అది "మొత్తం బైట్లు, చుక్క, ఫైళ్ల సంఖ్య" అనే రూపంలో నిండు బ్యాగ్‌ను లెక్కిస్తుంది. ఈ సంగతి రీడ్‌మీలో ఒక వాక్యంగా రాయండి. లేకపోతే దించుకున్న ప్రతివాళ్లూ "మీ ప్యాకేజీ పాడైంది" అని మెయిలు పెడతారు.

---

అరసున్నా:

భోషాణం గారు చెప్పినదానికి, ఎలాంటి లింకులు పెట్టకూడదో చేరుస్తాను. బ్యాగ్ పనికిరాకుండా పోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

డీఓఐని నేరుగా పెట్టొద్దు. డీఓఐ తీసుకెళ్లేది ఫైలు దగ్గరికి కాదు, రికార్డు పేజీకి. టూల్ ఆ హెచ్‌టీఎమ్ఎల్ పేజీని నమ్మకంగా దించి, టిఫ్ పేరుతో దాచుకుంటుంది. డీఓఐ రాయవలసింది వివరాల ఫైలులో. ఫెచ్‌లోకి రికార్డు లోపలి ఫైలు డౌన్‌లోడ్ లింకు రావాలి. జెనోడో లాంటి చోట్ల డీఓఐలు రెండు రకాలని కూడా గుర్తుంచుకోండి: అన్ని వెర్షన్లకూ కలిపి ఒకటి, ఒక్కో వెర్షన్‌కు ఒకటి. మొదటిది ఎప్పుడూ తాజా వెర్షన్‌కే పోతుంది. మీరు వాడిన వెర్షన్ డీఓఐ తీసుకోండి.

ప్రీ-సైన్డ్ (తాత్కాలిక అనుమతి కలిపిన) యూఆర్ఎల్‌లు వద్దే వద్దు. అమెజాన్ ఎస్3లో ఇప్పటి సంతక పద్ధతి ప్రకారం వాటి ఆయుష్షు గరిష్ఠంగా 7 రోజులు. పైగా యూఆర్ఎల్‌లోనే అనుమతి ఉంటుంది కాబట్టి, దాన్ని ప్రచురించడమంటే తాళంచెవి తలుపుకే వేలాడదీయడం. పరిమిత అనుమతి ఉన్న ఫైళ్లకు మామూలు యూఆర్ఎల్ రాసి, అనుమతి వివరాలు ఎవరివి వాళ్ల కంప్యూటర్‌లో ఉంచుకోవాలి. బీడీబ్యాగ్‌కు ఇందుకోసం హోమ్ ఫోల్డరులో కీచైన్ ఫైలు ఉంటుంది, అది బ్యాగ్‌లోకి పోదు.

గూగుల్ డ్రైవ్ తరహా పంపక లింకులు మనుషుల కోసం. ఫైలు పెద్దదైతే "వైరస్ తనిఖీ చేయలేకపోయాం" అనే పేజీ మధ్యలో వస్తుంది, టూల్ దాన్నే దించుకుంటుంది. గిట్‌హబ్ నుంచి ఇస్తే బ్రాంచ్ పేరున్న లింకు కాదు, కమిట్ హ్యాష్ ఉన్న లింకు ఇవ్వండి. గిట్‌హబ్ అప్పటికప్పుడు కట్టి ఇచ్చే సోర్స్ జిప్, టార్‌ల బైట్లు ఎప్పటికీ ఒకేలా ఉంటాయనే హామీ లేదు. రిలీజ్‌కు మీరే అప్‌లోడ్ చేసి జతచేసిన ఫైలైతే ఫర్వాలేదు.

ఇంకొకటి అంత తొందరగా కనిపించదు. కొన్ని సర్వర్లు సీఎస్‌వీ, జేసన్ లాంటి టెక్స్ట్‌ను దారిలో జీజిప్ చేసి పంపుతాయి. అప్పుడు హెడర్‌లోని కంటెంట్-లెంగ్త్ కుదించిన పరిమాణం, డిస్కు మీద పడేది విప్పిన పరిమాణం. హెడర్ చూసి ఫెచ్‌లో అంకె రాస్తే ఎప్పటికీ సరిపోదు. పరిమాణం నిల్వలోని అసలు ఫైలు నుంచే తీసుకోండి.

ఫైలు పేర్ల విషయం. యూఆర్ఎల్‌లో ఖాళీ ఉంటే "%20" అవ్వాలి, లేకపోతే లైనులో మూడు అంశాలు నాలుగుగా విడిపోతాయి. ఫైలు పేరులో శాతం గుర్తు ఉంటే ప్రమాణం ప్రకారం "%25" అని రాయాలి. దీన్ని పాత టూల్స్ పాటించవు. అసలు పేరులోనే ఆ గుర్తు లేకుండా చూసుకోవడం మేలు.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టేవాళ్లకు ఇంకో సంగతి. ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే కోడ్ 0సీ48గా, లేదా ఎత్వం 0సీ46, దాని కింద 0సీ56 అనే రెండు కోడ్‌లుగా. మ్యాక్‌లోని పాత హెచ్ఎఫ్ఎస్ ప్లస్ డిస్కులు పేర్లను విడదీసిన రూపంలో దాస్తాయి. కాబట్టి "నైట్రోజన్" అనే పేరున్న ఫైలు లైనక్స్‌లో కట్టిన మేనిఫెస్ట్‌లో ఒకలా, ఆ మ్యాక్‌లో ఇంకోలా ఉంటుంది. కంటికి తేడా తెలియదు, తనిఖీ మాత్రం "ఫైలు లేదు" అంటుంది. మేనిఫెస్ట్ కట్టేముందు పేర్లన్నీ ఎన్ఎఫ్‌సీ (కలిపి రాసే) రూపంలోకి మార్చండి. పొడవు కూడా చూసుకోవాలి: తెలుగు కోడ్ ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు, లైనక్స్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4లో పేరుకు పరిమితి 255 బైట్లు. అంటే 85 కోడ్‌లు. గుణింతాలు, ఒత్తులు, నడుమ పొల్లు అన్నీ విడివిడి కోడ్‌లే కాబట్టి ఇది అనుకున్నదానికన్నా త్వరగా నిండుతుంది.

---

సూక్ష్మదర్శిని:

ఇద్దరికీ ధన్యవాదాలు. నాలుగో ప్రశ్న ఇంకా మిగిలింది. మా స్టోరేజ్ లిస్టింగ్‌లో ప్రతి ఫైలుకూ ఈట్యాగ్ (స్టోరేజే ఇచ్చే గుర్తు) కనిపిస్తోంది, అది ఎమ్‌డీ5 (ఇంకో రకం హ్యాష్) అని కొందరంటున్నారు. వేరే బృందం రికార్డులో కూడా ఎమ్‌డీ5 మాత్రమే ఇచ్చారు. మా ఫైళ్లకు షా-256, వాళ్లవాటికి ఎమ్‌డీ5 అని రెండు మేనిఫెస్ట్‌లు పెడితే సరిపోతుందా?

---

భోషాణం:

సరిపోదండీ. బ్యాగిట్ 1.0 ప్రకారం ఎన్ని మేనిఫెస్ట్‌లున్నా ప్రతిదానిలోనూ అన్ని ఫైళ్లూ ఉండాలి. సగం ఒకదానిలో, సగం ఇంకోదానిలో పెట్టడం 0.97 వెర్షన్‌లో చెల్లేది, ఇప్పుడు చెల్లదు. మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, అన్ని ఫైళ్లకూ ఎమ్‌డీ5 కట్టి ఒక్క ఎమ్‌డీ5 మేనిఫెస్ట్‌తో సరిపెట్టడం. రెండు, వాళ్ల ఫైళ్లను ఒక్కసారి చదివి షా-256 కట్టుకోవడం. దారిలో బైట్లు చెడ్డాయా అన్నది పట్టుకోవడానికి ఎమ్‌డీ5 చాలు. కావాలని ఎవరైనా ఫైలు మార్చడాన్ని ఆపడానికి చాలదు, ఎందుకంటే ఒకే ఎమ్‌డీ5 వచ్చే రెండు ఫైళ్లను తయారుచేయడం ఈ రోజుల్లో కష్టం కాదు. పదేళ్లు నిలవాల్సిన ప్యాకేజీకి నేనైతే రెండో దారే అంటాను.

ఈట్యాగ్‌ను నమ్మకండి. ఫైలు ఒకే ముక్కగా, మామూలు పద్ధతిలో ఎక్కితేనే అది ఎమ్‌డీ5. మీవి 2-3 జీబీ ఫైళ్లు, దాదాపు ఖాయంగా మల్టీపార్ట్‌లో (ముక్కలు ముక్కలుగా) ఎక్కి ఉంటాయి. అప్పుడు ఈట్యాగ్ అంటే ముక్కల ఎమ్‌డీ5లకు మళ్లీ కట్టిన ఎమ్‌డీ5, చివర అడ్డగీత, ముక్కల సంఖ్య. చివర అడ్డగీత కనిపిస్తే దాన్ని మేనిఫెస్ట్‌లో పెట్టడానికి వీల్లేదు. ఎస్3లో ఇప్పుడు షా-256 కూడా అడగొచ్చు, కానీ మల్టీపార్ట్‌లో అదీ ముక్కల హ్యాష్‌ల హ్యాషే. మొత్తం ఫైలు హ్యాష్‌తో సరిపోదు.

1.2 టీబీ చదవక తప్పదు, మీ డిస్కులో దాచక్కర్లేదు. స్టోరేజ్ ఉన్న డేటా సెంటర్‌లోనే ఒక కంప్యూటర్ తీసుకుని, ఫైలును పైపులో పెట్టి నేరుగా హ్యాష్ ప్రోగ్రాంకు పంపండి. 'టీ' అనే కమాండ్ వాడితే ఒకే చదువులో షా-256, ఎమ్‌డీ5 రెండూ వస్తాయి, బైట్ల లెక్క కూడా. సెకనుకు 1 గిగాబిట్ వేగంతో 1.2 టీబీకి సుమారు 2 గంటల 40 నిమిషాలు. 100 మెగాబిట్ లైను మీద అదే పని 26 గంటలు దాటుతుంది, కాబట్టి ఇంటి కనెక్షన్ నుంచి చేయకండి.

వేరే బృందం ఫైళ్లకు మీరు షా-256 కట్టేటప్పుడు, అదే చదువులో వచ్చిన ఎమ్‌డీ5ను వాళ్ల రికార్డులోని ఎమ్‌డీ5తో పోల్చండి. రెండూ కలిస్తేనే మీ షా-256ను మేనిఫెస్ట్‌లోకి ఎక్కించండి. ఈ మెట్టు వదిలేస్తే, సగంలో తెగిపోయిన డౌన్‌లోడ్‌కు శాశ్వతంగా ముద్ర వేసినట్టవుతుంది.

---

జేసన్‌పక్షం:

ఇంతవరకూ బైట్ల సంగతే మాట్లాడారు. ఆ ఫైలు ఏమిటి, ఎవరిది, ఏ లైసెన్సు, ఏ స్క్రిప్టు దాన్ని వాడింది అన్నవి బ్యాగిట్‌కు అక్కర్లేదు. మీ డేటాలో వేరే బృందం ఫైళ్లు కూడా ఉన్నాయి కాబట్టి ఇది తప్పనిసరి. మీ ప్యాకేజీ మీద ఒక లైసెన్సు రాసినంత మాత్రాన వాళ్ల ఫైళ్లకు అది వర్తించదు.

దీనికి ఆర్ఓ-క్రేట్ వాడండి. ఒకే ఒక జేసన్-ఎల్‌డీ ఫైలు, ఎక్కువ పదజాలం స్కీమా.ఆర్గ్‌ది. ప్రతి ఫైలుకూ ఒక నమోదు: పేరు, ఫార్మాట్, పరిమాణం, రచయిత, లైసెన్సు. పరిమాణాన్ని అంకెగా కాకుండా కొటేషన్లలో స్ట్రింగ్‌గా రాయాలి, చాలామంది ఇక్కడ తడబడతారు. వెబ్‌లో ఉన్న ఫైలుకైతే ఐడీ స్థానంలో పూర్తి యూఆర్ఎల్ రాసి, దాన్ని ఎప్పుడు చూశారో ఆ తేదీని ఎస్‌డీ-డేట్-పబ్లిష్డ్‌లో నమోదు చేయొచ్చు.

బ్యాగ్‌లో క్రేట్ పెట్టినప్పుడు ఒక ప్రశ్న వస్తుంది: ఫెచ్‌లో ఉన్న ఫైలుకు ఐడీగా యూఆర్ఎల్ రాయాలా, లోపలి దారి రాయాలా? నా మాట లోపలి దారి. ఫైళ్లు తెచ్చుకున్నాక స్క్రిప్టులు చదివేది ఆ దారి నుంచే, యూఆర్ఎల్ మారినా క్రేట్ మారదు. యూఆర్ఎల్‌ను కంటెంట్-యూఆర్ఎల్ అనే గుణంగా రాస్తారు కొందరు. అప్పుడు ఒకే చిరునామా రెండుచోట్ల ఉండి, ఒకటి మార్చి ఇంకోటి మరిచిపోయే ప్రమాదం ఉంటుంది. ఫెచ్ జాబితా నుంచే పుట్టించే స్క్రిప్టు ఉంటేనే అలా చేయండి. ఎప్పటికీ దించుకోనక్కర్లేని, ఊరికే ప్రస్తావించిన వనరులకు మాత్రం ఐడీగా యూఆర్ఎల్ సరైనది.

క్రేట్ ఫైలు ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆలోచించుకోండి. "డేటా" లోపల పెడితే అది సరుకులో భాగం, వివరణలో ఒక అక్షరం దిద్దినా మేనిఫెస్ట్ మారుతుంది. బ్యాగ్ పైస్థాయిలో పెడితే ట్యాగ్ ఫైలు, మేనిఫెస్ట్ కదలదు, ట్యాగ్‌మేనిఫెస్ట్ ఒక్కటే మారుతుంది. ఆర్ఓ-క్రేట్ ప్రమాణం రెండు పద్ధతులనూ చూపిస్తుంది. మొదటిదానిలో బ్యాగ్ విప్పేశాక కూడా క్రేట్ ఫైళ్లతోనే ఉంటుంది కాబట్టి నేను అటే మొగ్గుతాను.

డేటా అంతా పట్టికలే అయ్యుంటే ఇంత అక్కర్లేదు, ఫ్రిక్షన్‌లెస్ డేటా ప్యాకేజ్ చాలు. అందులో పాత్ స్థానంలో యూఆర్ఎల్ పెట్టొచ్చు, బైట్లు, హ్యాష్ రాయొచ్చు. అల్గారిథం పేరు ముందు రాయకపోతే ఆ హ్యాష్‌ను ఎమ్‌డీ5గా లెక్కేస్తుంది.

---

కొమ్మచివర:

డేటా ఇంకా మారుతూ ఉందా, ఖరారైపోయిందా? ఖరారైతే పైవాళ్లు చెప్పిందే చేయండి. ఇంకా మారుతుంటే ప్రతిసారీ బ్యాగ్ కట్టడం విసుగు. అప్పుడు గిట్-ఆనెక్స్ (గిట్‌తో పెద్ద ఫైళ్లను నిర్వహించే టూల్), దాని మీద డేటాలాడ్ వాడండి. గిట్‌లో ఉండేది ఫైలు కాదు, దాని పరిమాణం, హ్యాష్ కలిపిన ఒక కీ. ఒకే కీకి ఎన్ని చిరునామాలైనా చేర్చొచ్చు, ఒకటి చచ్చిపోతే ఇంకోచోట నుంచి తెస్తుంది. బ్యాగిట్ ఫెచ్‌లో నాకు నచ్చని లోటు ఇదే: రెండో చిరునామాకు అక్కడ చోటు లేదు.

ఒక హెచ్చరిక. యూఆర్ఎల్ చేర్చేటప్పుడు "ఫాస్ట్" ఆప్షన్ వాడితే ఫైలు దించకుండా కీ కడుతుంది. ఆ కీలో హ్యాష్ ఉండదు, యూఆర్ఎల్, పరిమాణమే ఉంటాయి. "రిలాక్స్‌డ్" అంటే పరిమాణం కూడా చూడదు. తొందర్లో అలా చేర్చి మార్చకుండా ప్రచురించిన డేటాసెట్‌లలో, ఎదుటి సర్వరు అదే పరిమాణంలో వేరే ఫైలు పెట్టినా ఎవరికీ తెలియదు. ప్రచురించేముందు దించి, హ్యాష్ ఉన్న కీకి మార్చాలి.

జమ చేసే రోజున ఇందులోంచే బ్యాగ్ జాబితా పుట్టించుకోవచ్చు. రిపాజిటరీ వాళ్లకు గిట్-ఆనెక్స్ ఇవ్వకండి. ఇరవై ఏళ్ల తర్వాత తెరిచేవాళ్లకు టెక్స్ట్ ఫైలే దిక్కు.

---

సూక్ష్మదర్శిని:

ఖరారైన డేటానే కొమ్మచివర గారూ, బ్యాగిట్‌లో ఆర్ఓ-క్రేట్ పెట్టే దారిలో వెళ్తాను. ఇంకో రెండు సందేహాలు. కొన్ని చిత్రాలను ఓఎంఈ-జార్‌కు మార్చాం, అవి ఫైళ్లు కావు, వేల ముక్కలున్న ఫోల్డర్లు. ఫెచ్‌లో ఫోల్డరు లింకు ఇవ్వొచ్చా? అలాగే, అన్ని ఫలితాలనూ ఒక్కటిగా చూపే హెచ్‌డీఎఫ్5 (శాస్త్రీయ డేటా ఫార్మాట్) సూచిక ఫైలు ఒకటుంది. అది మిగతా హెచ్‌డీఎఫ్5 ఫైళ్లను వర్చువల్ డేటాసెట్‌గా కలుపుతుంది. దాన్ని అలాగే పెట్టొచ్చా?

---

భోషాణం:

ఫెచ్‌లో ఫోల్డరు పెట్టడానికి లేదు, లైనుకొక ఫైలే. ముక్కలన్నీ విడివిడిగా రాస్తే నియమం ప్రకారం చెల్లుతుంది గానీ, 40,000 ముక్కలంటే 40,000 అభ్యర్థనలు, మధ్యలో ఏదో ఒకటి విఫలమవడం ఖాయం. జార్ ఒక్కోదాన్ని ఒక్కో జిప్‌గా చేయండి. ముక్కలు ఎలాగూ కుదించి ఉంటాయి కాబట్టి జిప్‌లో మళ్లీ కుదించకుండా "స్టోర్" పద్ధతిలో పెట్టండి. జిప్ విషయసూచిక ఫైలు చివర ఉంటుంది, సర్వరు రేంజ్ అభ్యర్థనలు ఒప్పుకుంటే మొత్తం దించకుండానే కావలసిన ముక్క చదవొచ్చు. 4 జీబీ దాటినా, 65,535 ముక్కలు దాటినా జిప్64 కావాలి. పాత విప్పే టూల్స్ అక్కడ చేతులెత్తేస్తాయి. జార్ వెర్షన్ 3లో అయితే షార్డింగ్ ఉంది, చాలా ముక్కలు ఒకే ఫైలులో పెట్టి ముక్కల సంఖ్య ముందే తగ్గించుకోవచ్చు.

జిప్ ఒక్కసారే కట్టండి. అదే ఫోల్డరును మళ్లీ జిప్ చేస్తే టైమ్‌స్టాంపులూ వరసా మారి హ్యాష్ వేరే వస్తుంది, లోపలి డేటాలో ఒక్క బిట్ మారకపోయినా.

హెచ్‌డీఎఫ్5 సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎక్స్‌టర్నల్ లింకు అయితే, అవతలి ఫైలు లేనప్పుడు తెరవగానే ఎర్రర్ ఇస్తుంది. అది మంచిదే. వర్చువల్ డేటాసెట్ అలా కాదు. మూల ఫైలు దొరకకపోతే ఎర్రర్ లేకుండా ఆ భాగమంతా ఫిల్ విలువతో, మామూలుగా సున్నాలతో, నింపి ఇస్తుంది. సగం బ్యాగ్ తెచ్చుకున్నవాళ్లు సగటు లెక్కేస్తే జవాబు వస్తుంది, తప్పు జవాబు. మూడు పనులు చేయండి. మూల ఫైళ్ల దారులు సూచిక ఫైలుకు సాపేక్షంగా ఉన్నాయో లేదో చూడండి, మీ కంప్యూటర్ పూర్తి దారి అందులో పడి ఉంటే మళ్లీ కట్టాలి. ఫిల్ విలువను నాన్ ("అంకె కాదు" అనే ప్రత్యేక విలువ) లేదా డేటాలో ఎన్నడూ రాని అంకెగా పెట్టండి. సూచికను చదివే స్క్రిప్టు మొదట్లోనే మూల ఫైళ్లన్నీ ఉన్నాయా అని చూసి, లేకపోతే ఆగిపోవాలి.

---

అరసున్నా:

రెండు చిన్న విషయాలు.

లింకులను అప్పుడప్పుడూ స్క్రిప్టుతో పరీక్షించేటప్పుడు హెడ్ అభ్యర్థనకు (ఫైలు కాకుండా దాని హెడర్లే అడిగేదానికి) 200 ("సరే" అనే కోడ్) వచ్చిందని తృప్తి పడకండి. "ఈ పేజీ లేదు" అనే పేజీనే 200తో పంపే సర్వర్లున్నాయి, హెడ్‌ను అసలు ఒప్పుకోనివి ఇంకొన్ని. మొదటి బైటు ఒక్కదాన్నే రేంజ్‌గా అడగండి. సరైన సర్వరు 206 ("అడిగిన భాగమే" అనే కోడ్) పంపి, కంటెంట్-రేంజ్ హెడర్‌లో మొత్తం పరిమాణం చెబుతుంది. దాన్ని ఫెచ్‌లోని అంకెతో పోల్చండి. ఇది 480 ఫైళ్లకు కొన్ని నిమిషాల పని. ఫైలు ఉందని, పరిమాణం అదేనని తెలుస్తుంది. లోపల ఏముందో తెలియాలంటే మాత్రం దించి హ్యాష్ కట్టాల్సిందే, కాబట్టి ప్రతిసారీ కొన్ని ఫైళ్లను యాదృచ్ఛికంగా ఎంచి పూర్తిగా సరిచూడండి.

కొమ్మచివర గారు చెప్పిన రెండో చిరునామా లోటుకు: ఒకే ఫైలుకు ఫెచ్‌లో రెండు లైన్లు రాయకండి. మిర్రర్లుంటే పక్కన ఒక మెటాలింక్ ఫైలు పెట్టండి. ఆర్ఎఫ్‌సీ 5854, ఎక్స్ఎమ్ఎల్. ఒక ఫైలుకు పరిమాణం, హ్యాష్, ప్రాధాన్యత వరసలో ఎన్ని యూఆర్ఎల్‌లైనా రాయొచ్చు. ఆరియా2 అనే డౌన్‌లోడ్ టూల్ దాన్ని నేరుగా చదివి దించుతుంది. ఫెచ్‌లో ప్రధాన చిరునామా, మెటాలింక్‌లో మిగతావి.

---

సూక్ష్మదర్శిని:

ఆఖరుగా ఒక్కటి. యూఆర్ఎల్‌లు మారినప్పుడు ఫెచ్ దిద్ది కొత్త బ్యాగ్ జమ చేస్తే రిపాజిటరీ కొత్త వెర్షన్ డీఓఐ ఇస్తుంది. పేపర్‌లో మాత్రం పాత వెర్షన్ డీఓఐ ఉంటుంది. చదివేవాళ్లకు డేటా మారలేదని ఎలా తెలియాలి?

---

భోషాణం:

మేనిఫెస్ట్ ఫైలుకే షా-256 కట్టి, ఆ 64 అక్షరాలను పేపర్‌లో డేటా లభ్యత వాక్యం పక్కన రాయండి. మేనిఫెస్ట్‌లో అన్ని ఫైళ్ల హ్యాష్‌లూ ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క అంకె మొత్తం సరుకుకు గుర్తు. రెండు వెర్షన్లలో అది ఒకటే అయితే డేటా ఒకటే. ఇది పనిచేయాలంటే లైన్ల వరస కూడా మారకూడదు. మేనిఫెస్ట్‌ను బైట్ల క్రమంలో ఒకసారి సార్ట్ చేసి, లైన్ల చివర లైనక్స్ తరహాలో ఎల్ఎఫ్ మాత్రమే ఉండేలా ఖాయం చేసుకుని, ఆ తర్వాత ట్యాగ్‌మేనిఫెస్ట్ కట్టండి. బ్యాగ్‌ను గిట్‌లో పెడుతుంటే లైన్ల చివరలను మార్చే ఆటో-సీఆర్ఎల్ఎఫ్ సెట్టింగ్ ఆ ఫోల్డరుకు ఆపేయాలి. విండోస్‌లో చెకౌట్ చేసిన వెంటనే మేనిఫెస్టూ సీఎస్‌వీలూ అన్నిటి హ్యాష్‌లూ మారిపోవడానికి కారణం అదే.

కొత్త వెర్షన్ బ్యాగ్-ఇన్ఫోలో "ఫెచ్ చిరునామాలు మాత్రమే మారాయి, మేనిఫెస్ట్ మారలేదు" అని ఒక లైను, పాత వెర్షన్ డీఓఐ రాయండి. ఇంకో మాట: యూఆర్ఎల్‌లు మార్చడానికి బ్యాగ్‌ను టూల్‌తో మళ్లీ కట్టకండి. ఫెచ్ జాబితాను టెక్స్ట్ ఎడిటర్‌లో దిద్ది, ట్యాగ్‌మేనిఫెస్ట్‌లో ఫెచ్‌దీ, బ్యాగ్-ఇన్ఫోదీ హ్యాష్‌లు రెండూ సరిచేస్తే చాలు.